ఒక్కసారే తెరిచినవి

పదకొండో కొండ, గాలికాలం 73వ దినం

మిగతా ఇరవైరెండు కొండల ఏరిక గదుల్లో పనిచేస్తున్న అక్కలకు, అన్నలకు,

ఈ ఉత్తరం నేను ఇప్పుడే రాయాలి. గాలికాలం నూరో దినాన గుహనిల్వ వాళ్లు నూటముప్పైతొమ్మిది వస్తువులను చెరిపేస్తున్నారు. పాత లోకపు జాలంలోంచి దొరికి, ఇన్నాళ్లూ గుహల్లో చల్లగా భద్రంగా ఉన్నవి అవి. ఒకసారి చెరిపితే మళ్లీ దొరకవు. అవన్నీ మా కొండ ఏరుకున్నవే. మా వాళ్లు ఒక్కోదాన్ని ఒక్కసారి మాత్రమే తెరిచారు. ఆ ఒక్కసారి అన్న నియమం పెట్టింది నేను. తప్పు నాది కాబట్టి ఉత్తరం కూడా నేనే రాయాలి.

మా సంకేతాల స్తంభం వారానికి ఒక్క మూట సమాచారమే మోస్తుంది. ఈ వారం గుహల నుంచి ఏరి దించుకోవాల్సిన ఏడు ఏరికలనూ మానుకుని, ఆ చోటులో నా దినచర్య పుస్తకం నుంచి కొన్ని పేజీలు ఎత్తి రాసి మీకు పంపుతున్నాను. కొట్టివేతలు తీసేశాను. ఇంకేమీ మార్చలేదు.

61వ దినం

పొద్దున గాలి బాగుంది. పన్నెండు గాలిమరల్లో పదకొండు తిరుగుతున్నాయి. తొమ్మిదో మరను నాయన ఆపించాడు, ఏదో చప్పుడు తేడాగా ఉందట. ఉగ్గాని తిని వచ్చి నాలుగో మర అడుగున ఉన్న ఏరిక గది తెరిచాను. తెర మీద దుమ్ము తుడిచి వారపు పట్టిక దించుకున్నాను. వెయ్యికి పైగా పేర్లు, ఒక్కోదాని పక్కన అందులో ఏముందో రెండు వాక్యాలు.

ఈ పని నాకు ఇన్నేళ్లయినా విసుగు పుట్టలేదు. ఒకాయన కొత్తగా కొన్న ఫోను పెట్టె విప్పుతూ ఇరవై నిమిషాలు మాట్లాడతాడు, ఫోను కనిపించేది చివరి రెండు నిమిషాలే. ఒక పిల్లి, నేల తుడిచే యంత్రం మీదికెక్కి ఇల్లంతా జమీందారులా తిరుగుతుంది. ఒకామె పాత చొక్కాతో సంచి కుడుతుంది, కత్తెర ఎక్కడ పెట్టిందో మాటిమాటికీ మరిచిపోతుంది. అందులోంచి ఏడు ఏరాను. సంచి ఏరాను. పిల్లిని కూడా ఏరాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం లేదు.

మీ కొండల్లో ఎలా చూస్తారో నాకు తెలియదు. మా దగ్గర తెర ఒక గంట వెలిగితే కింద నీళ్ల మోటారు పావుగంట ఆగుతుంది. మరలు పన్నెండున్నా మా వాటా నాలుగో మర ఒక్కటే, మిగతా కరెంటంతా మైదానానికీ గుహలకూ పోతుంది. అందుకే మూడేళ్ల కిందట నేను ఒక పద్ధతి పెట్టాను. ఒక్కో వస్తువును ఒక్కరే, ఒక్కసారే చూస్తారు. దాన్ని చూపు వంతు అంటాం. సాయంత్రం నాలుగో మర దిమ్మె మీద అందరూ కూర్చున్నాక, చూసినవాళ్లు చూసింది చెప్తారు. ఆ వేళకు రెక్కల నీడలు పొడుగై మనుషుల మీదుగా పోతుంటాయి. నీడ చెప్పేవాళ్ల ముఖం దాటేలోపు ఒక మాట పూర్తి కావాలి. కాకపోతే పిల్లలు "మింగేసె, మింగేసె" అని అరుస్తారు, ఆ మాట మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. నాలుగువందల మందిమి ఇలాగే వింటాం. ఆ తరువాత నేను ఆ వస్తువును మా పెట్టెలోంచి తీసేసి, వచ్చే వారానికి చోటు చేస్తాను.

అతి తక్కువ కరెంటుతో ఏరిక నడిపిన కొండ మాదని పోయిన ఏడు గుహనిల్వ నుంచి మెచ్చుకోలు లేఖ వచ్చింది. మా ఇంట్లో బడికి పోయినదాన్ని నేనే మొదలు. నాయన ఆ లేఖను నాలుగో మర తలుపు లోపలి వైపు అంటించి, గ్రీజు డబ్బాలు తెచ్చే బండివాళ్లకు కూడా నాచేత చదివించాడు.

ఈరోజు వారపు పట్టిక చివర నోటీసు ఉంది. "పదకొండో కొండ ఏరికల్లో 142 వస్తువులు అన్ని కొండల్లో కలిపి ఒక్కసారే తెరవబడినవి. ఎవరికీ అక్కరలేనివిగా గుర్తించి నూరో దినాన చెరిపివేయబడును. ఉంచదలచినచో ఒక్కొక్కటి నలభైసార్లు తెరవవలెను."

రెండుసార్లు చదివి, తలుపు మీది లేఖ వైపు చూడకుండా ఇంటికి వెళ్లాను.

62వ దినం

గుహనిల్వ పట్టికల విభాగంతో మాట్లాడటానికి నెలకు ఐదు నిమిషాలు ఇస్తారు. ఈరోజు రెండు నిమిషాలు వాడాను. అటు ఇందుమతి అనే ఆమె. గొంతు బట్టి నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది.

"ఒకటి అని ఉందమ్మా మీ లెక్క. ఒకటంటే ఎవరో చెయ్యి తగిలి తెరిచి, మూసేశారని మేం అనుకుంటాం."

"ఒకరు చూసి నాలుగువందల మందికి చెప్పారండీ."

"చెప్పినదానికి మా పట్టికలో గడి లేదమ్మా. గుహలో చోటు నిజంగానే లేదు. నేను కావాలని చేస్తున్నది కాదు."

అది నిజమేనని గొంతులో తెలిసింది. అందువల్ల కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

సాయంత్రం 142 పేర్లూ రాసుకున్నాను. మిగతా ఏరికలను మీ కొండల్లో కూడా తెరిచారు కాబట్టి బతికాయి. ఇవి మాత్రం మావే. మొట్టమొదటి పేరు చూసి పెన్ను ఆగిపోయింది. అది నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు తెరిచినది. దాని గురించి తరువాత రాస్తాను.

64వ దినం

దిమ్మె మీద అందరికీ సంగతి చెప్పాను. నియమం నాదే కాబట్టి తప్పు నాదేనని కూడా చెప్పాను. పుల్లక్క లేచింది. వంటశాలలో సంగటి కెలికే పుల్లక్కే మా కొండలో అందరికంటే బాగా చెప్తుంది.

"అయితే మేమింతమందిమి మూడేండ్లుగా నవ్వింది, ఏడ్సింది, అంతా కలిపి ఒగటేనంటనా వాళ్ల లెక్కలో?"

"అంతే పుల్లక్కా."

"మొత్తం మీద మేం నాలుగునూర్ల మందిమి కూడి ఒగ మనిసి. బాగుండాది. రేపట్నించి ఒగ మనిసికే సంగటి చేస్తా, అందరూ అదే తినండి."

అందరూ నవ్వారు. నాకు ప్రాణం తేలికపడింది. ఆ తరువాత చేతులెత్తి నిర్ణయించుకున్నాం. ఈ వారం కొత్త ఏరికలు వద్దు, పాతవాటిలోంచి ఏడు దించుకుని నలభైసార్లు తెరుద్దాం, నీళ్లు రోజు విడిచి రోజు పట్టుకుందాం. మా స్తంభం వారానికి ఏడే దించగలదు. నూరో దినం లోపల ఎంత తిప్పలు పడ్డా ముప్పైఐదుకు మించి కాపాడలేం. నూటనలభై రెండులో ముప్పైఐదు. ఆ ఏడు ఏవో కొండ చేతులెత్తి చెప్పింది. గేరుబాక్సు చప్పుళ్లు, పులుపు తిన్న పాప, కుండలో కుండ, ఇంకా నాలుగు.

నా మొదటి పేరుకు ఎవరూ చెయ్యెత్తలేదు. ఎత్తరు. దాన్ని నేను ఎవరికీ చెప్పనే లేదు. ఆ ఏడింటిలో ఒకదాని చోట ఇరికించుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. నీళ్లు మానుకుంటున్నది వాళ్లు. ఆ మాట అనుకున్నాక చెయ్యి రాలేదు.

66వ దినం

ఈరోజు ఒక విచిత్రం జరిగింది.

గేరుబాక్సు చప్పుళ్ల వస్తువును రెండేళ్ల కిందట చూసింది మా నాయన తిప్పయ్య. మర పైన గేరుబాక్సులో ఏ పన్ను అరిగిందో, ఏ బేరింగు ఎండిందో చప్పుడును బట్టి చెప్పడం అందులో నేర్పుతారు. అప్పటి నుంచి మా కొండలో ప్రతి మరవాడూ అలాగే చేస్తున్నాడు. ఎండు కట్టెపుల్ల ఒక కొసను గేరుబాక్సుకు ఆనించి, రెండో కొసను పళ్లతో కరిచి, రెండు చేతులతో చెవులు మూసుకోవాలి. పైన గాలి హోరులో చెవికి ఏమీ వినపడదు, పళ్లలోంచి మాత్రం తల లోపలికి చప్పుడు స్పష్టంగా వస్తుంది. నాయన చెప్పిన దాంట్లో అదే ముఖ్యమైన మాట.

ఈరోజు మరవాళ్లూ నేనూ కలిసి చూశాం. తెర మీద ఒక బట్టతల మనిషి, శుభ్రమైన గది. చేతిలో స్క్రూడ్రైవరు. దాని కొనను గేరుబాక్సుకు, పిడిని చెవికి ఆనించాడు. పద్నాలుగు నిమిషాలూ చెవే. పళ్ల మాట ఎక్కడా లేదు.

నాయన ముఖం వాడిపోయింది. "చౌడీ, ఇది అది కాదుమ్మే. వాడు పండ్లతో పట్టుకున్న్యాడు. నా కండ్లతో చూసినా."

"అదే నాయనా. పేరు కూడా అదే."

"ఇంగోసారి ఎయ్యి."

ఇంకోసారి వేశాను. ఆ మనిషి మళ్లీ చెవికే ఆనించాడు. నాయన బయటికి పోయాడు. రెండేళ్లుగా అబద్ధం చెప్పానేమో అని ఆయన భయం. లెక్క కోసం మిగతావాళ్లు ఆ బట్టతల మనిషిని చూస్తూనే ఉన్నారు. తెర ముందు కూర్చుని జొన్నరొట్టె తింటూ, నాలుగోసారికి అతని మాటలు అతనికంటే ముందే అనడం మొదలుపెట్టారు.

67వ దినం

ఈరోజు పులుపు తిన్న పాప. అది పుల్లక్క వంతులో వచ్చింది. మా కొండలో ఎవరికైనా మనసు బాగాలేకపోతే "పుల్లక్కా, పాపను చెప్పు" అంటారు. పుల్లక్క చెప్పేటప్పుడు పాప చింతకాయను దూరం నుంచి చూడటం, అది మంచిదో చెడ్డదో ఆలోచించడం, వాళ్లమ్మను అనుమానంగా చూడటం, అంతా ఉంటుంది. "నోట్లో పెట్టుకునె. మొగం ఇట్ల ముడ్సుకునె. బుజాలు చెవులకాడికి పాయ. ఒగ కన్ను మూసె, ఇంగో కన్ను మూయల్లనా వద్దా అని ఎనకాడె. ఇంగ ఈ జన్మలో ముట్టదులే అనుకుంటిమి. చెయ్యి సాపి మళ్ల అడిగె!" ఇది పూర్తి కావడానికి పావుగంట పడుతుంది.

తెర మీద అది పంతొమ్మిది సెకన్లు. చింతకాయ కాదు, నిమ్మచెక్క. మా పిల్లలు నిమ్మకాయను చూడలేదు కాబట్టి పుల్లక్క మార్చింది. పాప నాకుతుంది, ముఖం ముడుస్తుంది, చెయ్యి చాపుతుంది, అయిపోతుంది.

"ఇంతేనా?" అంది పుల్లక్క.

"ఇంతే అక్కా."

"నేను ఇంత జేస్తినా దీన్ని?" తనను తాను తిట్టుకుంటోందో మెచ్చుకుంటోందో తెలియలేదు. తరువాత "ఇంగోసారి పెట్టు, ఆ పిల్లముండ యా కన్ను ముందు మూసెనో చూస్తా" అంది. పొట్టిది కాబట్టి ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఈ ఒక్క పూటలోనే నలభై దాటింది. పాప బతికింది. నలభై మూడోసారి మా నాయనమ్మ మారెక్క జేజి వచ్చింది. జేజికి చెవులు పోయి పదేళ్లు. సంగటి తెడ్డు కాడను నోట కరిచి, రెండో కొసను స్పీకరుకు ఆనించి, పాప కిలకిలను విన్నది. విని తానే పాపలాగా ముఖం ముడిచింది.

ఆ తెడ్డును చూడగానే నాకు నాయన కట్టెపుల్ల గుర్తొచ్చింది.

ఇంటికి పరుగెత్తి రెండేళ్ల కిందటి నా పుస్తకం తీశాను. నాయన మొదటిసారి గేరుబాక్సు చెప్పిన సాయంత్రం నేను ఇలా రాసుకున్నాను: "నాయన బాగానే చెప్పాడు. పైన గాలిలో చెవికి ఎట్ల ఇనిపిస్తాదని అందరూ అడిగారు. జేజికి ఏమీ వినపడక మధ్యలో గలాటా చేసింది. చెవి యాలరా, తెడ్డు కరుసుకో, పండ్లకు ఇనిపిస్తాది అంది. అందరూ నవ్వారు." మరుసటి రోజు నాయన రెండో జట్టుకు అదే చెప్పేటప్పటికి పళ్లు అందులో కలిసిపోయి ఉంటాయి. ఆయనకే తెలియదు.

నాయనకు ఆ పేజీ చదివి వినిపించాను. ఇంకోసారి చదివించుకున్నాడు.

"అయితే ఆ బట్టతలోడు తప్పు చెప్పలేదు. నేనూ తప్పు చెప్పలేదు."

"లేదు నాయనా."

"మీ జేజికి ఈ ముక్క చెప్పొద్దు. ఇంగ మనల్ని బతకనియ్యదు."

69వ దినం

తొమ్మిదో మరలోని తేడాను నాయన ఈరోజు పట్టుకున్నాడు. ఎనభై నిలువుల పైన, పుల్ల కరిచి, చెవులు మూసుకుని, మధ్య బేరింగు అని చెప్పాడు. విప్పి చూస్తే మధ్య బేరింగే. మధ్యాహ్నానికి పన్నెండూ తిరిగాయి.

దిగి వచ్చి చేతులు కడుక్కుంటూ ఒక మాట అన్నాడు. "వాడిది చెరిపేస్తే మనకేం పోదు చౌడీ. మన పుల్ల మనకుండాది. కానీ వాడు చెవి పెట్టకుంటే మీ జేజి పండ్లు యాడ పెడ్తా ఉండె?"

గేరుబాక్సు నలభై దాటింది. కుండలో కుండ కూడా దాటింది. మిగతా నాలుగు దాటలేదు. ఈ సాయంత్రం నీళ్ల జట్టువాళ్లు వచ్చి, కొర్ర వెన్ను వేస్తోంది, ఇక మోటారు ఆపొద్దన్నారు. వాళ్లది న్యాయమే. ఐదు దినాల్లో మూడు కాపాడాం. సంతోషమే. నూటముప్పైతొమ్మిది మిగిలాయి. ఇక ఈ దారి మూసుకుపోయింది.

71వ దినం

గొర్రెల కాటమయ్య దిగాడు. ఆయనకు ఒక కొండ అంటూ లేదు. మూడొందల గొర్రెలతో, ఇద్దరు అల్లుళ్లతో, మేత ఉన్న కొండకల్లా పోతాడు. ఏడాదికి రెండుసార్లు మా దగ్గర నాలుగు దినాలు ఆగుతాడు. వంటశాలలో సంగటి, ఊరిబిండి పెట్టాం. తిని, మూతి తుడుచుకుని, "మీకు ఒగ తమాషా చెప్పల్ల తల్లీ" అన్నాడు.

"చెప్పు పెద్దాయనా."

"పద్నాలుగో కొండలో ఒగ పాప ఉండాదంట. పుట్టి ఏడాది గూడా ల్యా. వాళ్లమ్మ చింతకాయ చేతికిచ్చిందంట. ఆ పాప యేంజేసె..."

పుల్లక్క చేతిలోని తెడ్డు ఆగిపోయింది. కాటమయ్య ముఖం ముడిచాడు. ఒక కన్ను మూశాడు. రెండో కన్ను మూయాలా వద్దా అని వెనుకాడాడు. చివర చెయ్యి చాపాడు. ఆయన చెప్పిన పాప చింతకాయను సగం తిని మిగతా సగం గొర్రెపిల్లకు పెట్టింది, అది కూడా ముఖం ముడిచింది. అది మాకు కొత్త.

నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంటూ పుల్లక్క అడిగింది. "ఆ పాపను నువ్వు చూసినావా పెద్దాయనా?"

"చూసింటి అనుకో. చూసినోళ్లను చూసినా."

"ఆ పాప నాది."

"నీకు బిడ్డలే లేరు గదమ్మా?"

వంటశాల ఎగిరిపోయేటట్టు నవ్వారు. నేను మాత్రం పుస్తకం తెచ్చుకుని కాటమయ్య పక్కన కూర్చున్నాను. ఇది ఎక్కడ విన్నావు, అంతకు ముందు ఎక్కడ విన్నావు అని అడిగాను. పద్నాలుగో కొండ, ఆరో కొండ, పంతొమ్మిది. కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోస్తే ఆకుకూర వారం నిలుస్తుందని చెప్పేది మేం కాపాడుకున్న మూడో ఏరిక. ఆరో కొండలో అందులో గొర్రెల మందు దాచుకుంటారట. పట్టిక తీసి పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాను. తెగిన చెప్పును సైకిలు ట్యూబుతో కట్టడం విన్నాడు. ఉల్లిపాయ తరిగేటప్పుడు నోట్లో నీళ్లు పట్టుకోవడం విన్నాడు. "అది మా అత్త కనిపెట్టె గదా?" అన్నాడు. నూటనలభై రెండు పేర్లలో ముప్పైఎనిమిది ఏదో ఒక రూపంలో ఆయనకు తెలుసు. మా దిమ్మె మీద చెప్పినవి ఈయనలాంటి వాళ్ల నోళ్లలో పడి కొండలు దాటాయి. లెక్కలో మాత్రం ఒకటే.

72వ దినం

మిగిలిన మూడు నిమిషాలు వాడాను. కాటమయ్య సంగతి ఇందుమతికి చెప్పాను.

"ఆ చింతకాయ పాప... మీ కొండదా?"

"మీకెలా తెలుసండీ?"

"మా క్యాంటీనులో వంటామె చెప్తుంది. మొన్న కూడా చెప్పింది."

"అయితే అదొక కొండ కిందికి లెక్కేసుకోండి."

"క్యాంటీను కొండ కాదమ్మా." నవ్వింది. కాగితాలు తిరగేసిన చప్పుడు. ఒక నిమిషం అలా పోయింది, నాకు ఉన్న మూడింటిలో ఒకటి. తరువాత నెమ్మదిగా చదివింది. "ఏదేని వస్తువు ఐదు కొండలయందు వాడుకలో ఉన్నట్లు ఆయా కొండల ఏరిక ఉద్యోగులు వేర్వేరుగా రాసి పంపినచో, తెరిచిన సంఖ్యతో నిమిత్తం లేక పదేండ్లు ఉంచవలెను. ఇది పాత నిబంధన. ఎవరూ వాడలేదు, కొట్టేయనూ లేదు. వాడుక అంటే తెరవడమే అని రాసి లేదు చౌడేశ్వరీ. నేను చాలాసార్లు చదివాను ఇప్పుడు."

"చెప్పుకోవడం వాడుకేనా అండీ?"

"రాసి పంపించండి. నేను అడ్డుపడను."

అక్కడితో లైను తెగింది.

73వ దినం

ఇప్పుడు మీకు నా మనవి.

మా కొండను వదిలేస్తే ఒక్కోదానికి ఇంకో నాలుగు కొండల మాట కావాలి. 139 పేర్ల పట్టిక ఈ మూట చివర ఉంది. దాన్ని మీ కొండలో అందరూ కూడినచోట చదవండి. పేరు మాత్రం చదివితే తెలియకపోవచ్చు, మీ దగ్గర అది వేరే ఏదో అయి ఉండవచ్చు. నిమ్మకాయ చింతకాయ అయినట్టు. అందుకని ప్రతి పేరు పక్కన మేం ఎలా చెప్పుకుంటామో ఒక వాక్యం రాశాను. మీలో ఎవరైనా "ఇది మాదే గదా" అని పోట్లాటకు వస్తే, అదే మనకు కావలసిన సాక్ష్యం. ఏ కొండలో, ఎవరు, ఎలా చెప్తారో రాయండి. మీరు కలిపినది కూడా రాయండి. గొర్రెపిల్ల లాంటిది ఉంటే తప్పకుండా రాయండి, పుల్లక్క ఎదురుచూస్తోంది.

ఇక పట్టికలో మొదటి పేరు. దాన్ని ఏ కొండలోనూ ఎవరూ విని ఉండరు. నేను మూడేళ్ల కిందట ఒక్కదాన్నే తెరిచాను, మనసులో దాచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదనిపించింది. ఇప్పుడు చెప్తున్నాను.

అది ఒక పేజీ. రాసిన మనిషి పేరు లేదు, ఆడో మగో తెలియదు. పైన "ఈ వారం నాకు దొరికినవి" అని ఉంది. కింద పద్ధతి లేకుండా పదకొండు ఉన్నాయి. బొమ్మలోంచి మనుషులను చెరిపేసే ఒక కొత్త ప్రోగ్రాము, "వాడి చూశాను, మా మామయ్యను చెరిపి గొడుగును ఉంచేసింది" అని పక్కన రాసి ఉంది. మూడువందల రకాల వాన చప్పుళ్లు దాచిన చోటు ఒకటి, "పందొమ్మిదోది రేకుల మీద వాన, అది వినండి చాలు." ఒక ముసలాయన రోజూ తన కోడికి వార్తలు చదివి వినిపించే చిత్రం, "కోడి శ్రద్ధగా వింటుంది, ఆటల వార్తలప్పుడు మాత్రం లేచి పోతుంది." ఇలా పదకొండు. నేను ఒక్కొక్కటీ నొక్కి చూశాను. ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ ప్రోగ్రాము లేదు, వానలు లేవు, కోడి లేదు. ఆ మనిషి వాటి గురించి రాసిన వాక్యాలే ఉన్నాయి. అయినా ఆ కోడి లేచి పోవడం నాకు కనిపిస్తూనే ఉంది. పేజీ చివర "మీకూ పనికొస్తాయేమో అని" అని ఉంది. అంతే. ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని నేను నా మొదటి ఏడు ఏరికలు ఏరాను.

నిన్న సాయంత్రం దిమ్మె మీద దీన్ని మొదటిసారి చెప్పాను. నేను బాగా చెప్పలేను, రెండుసార్లు నీడ మింగేసింది. కోడి దగ్గర పిల్లలు నవ్వారు. ఈరోజు పొద్దున నీళ్ల దగ్గర ఒకామె, "ఆ కోడి తరవాత యేమాయ?" అని అడిగింది. అంటే మా కొండలో వాడుకలో ఉంది అని నేను రాయవచ్చు. రాశాను.

మీరు కూడా ఒక సాయంత్రం చెప్పి చూడండి. నా కోసం అని చెప్పొద్దు, ఊరికే చెప్పండి. మరుసటి రోజు ఎవరైనా దాని గురించి మళ్లీ అడిగితే, అప్పుడు మాత్రమే మీ కొండలో ఉందని రాయండి. ఎవరూ అడగకపోతే రాయొద్దు. అబద్ధం మీద అది బతకడం నాకు ఇష్టం లేదు, ఆ రాసిన మనిషికి కూడా ఉండదనుకుంటాను.

జవాబులు గాలికాలం 95వ దినం పొద్దు మునిగేలోపు గుహనిల్వ పట్టికల విభాగంలో ఇందుమతిగారి పేరుకు చేరాలి. ఆ వారపు మూట మీకు నిండిపోయి ఉంటే, కాటమయ్య 80వ దినాన ఆరో కొండలో, 84న పద్నాలుగులో, 88న పంతొమ్మిదిలో ఉంటాడు. ఆయనకు నోటితో చెప్పి పంపినా సరే, గుహల దాకా పోయి చెప్తానన్నాడు. దారిలో కొంచెం మారవచ్చు. ఏ కొండ, ఏ వస్తువు అన్నది మాత్రం మార్చొద్దని ఒట్టు వేయించుకున్నాను.

తిప్పయ్య కూతురు చౌడేశ్వరి
ఏరిక గది, పదకొండో కొండ